మధ్యలో ఎత్తేసిన ముల్లు

2019 చలికాలం. హైదరాబాద్‌లో ఒక పెద్దమనిషి ఇంట్లో నెలకోసారి పదిమందిమి కూర్చుని జాజ్ రికార్డులు వినేవాళ్ళం. ఆ రోజు రికార్డు తెచ్చే వంతు నాది. ఏడాదిన్నరగా వెళ్తున్నా నాకు వంతు రావటం అదే మొదటిసారి. అమెరికాలో చదువుకుని తిరిగి వస్తూ ఒక స్నేహితురాలు తెచ్చిపెట్టిన ఎల్పీ పట్టుకెళ్ళాను. పేరు 'వియ్ ఇన్సిస్ట్!'. డ్రమ్మర్ మాక్స్ రోచ్ 'ఫ్రీడమ్ నౌ సూట్' అది. 1960లో రికార్డు చేశారు.

మొదటి రెండు పాటలూ అందరూ తలలూపుతూ విన్నారు. మూడోది 'ట్రిప్టిక్'. అందులో రోచ్ డ్రమ్స్, ఆబీ లింకన్ గొంతు తప్ప ఇంకేమీ లేవు. మాటలు కూడా లేవు. గొంతు ప్రార్థనలా నెమ్మదిగా మొదలై, పెరిగి పెరిగి, ఉన్నట్టుండి కేకగా మారింది. ఊపిరి తీసుకుని మళ్ళీ కేక, మళ్ళీ కేక. పావు నిమిషం గడిచిందో లేదో ఇంటాయన లేచి ముల్లు ఎత్తేశారు. "బావుందమ్మా, కానీ ఇది సంగీతం కాదు, ప్రకటన" అన్నారు నవ్వుతూ. ఒకరిద్దరు ఔనన్నారు. ఈలోగా లోపల్నించి టీ వచ్చింది. టీ తర్వాత 'కైండ్ ఆఫ్ బ్లూ' పెట్టారు.

నేనేమీ అనలేదు. రికార్డు తీసి కవర్లో పెట్టుకున్నాను. టీ తాగాను. టీ బావుందని ఆవిడతో చెప్పాను కూడా. సాహిత్యంలో డాక్టరేటు ఉన్నదాన్ని, స్త్రీల మౌనం గురించి సెమినార్లలో పేపర్లు చదివేదాన్ని, ఆ సాయంత్రం నోరు విప్పలేదు. దాని గురించి రాయాలని అప్పట్నించీ అనుకుంటున్నాను. ఇంతకాలం ఎందుకు రాయలేకపోయానో ఈ వ్యాసం చివర్లో చెప్తాను.

నేను జాజ్ దగ్గరికి వచ్చింది పుస్తకం దారిన. తెలుగు కవయిత్రుల మీద నా సిద్ధాంత గ్రంథంలో ఏంజెలా డేవిస్ 1998లో రాసిన 'బ్లూస్ లెగసీస్ అండ్ బ్లాక్ ఫెమినిజం' గురించి రెండు పేజీలున్నాయి. మా రైనీ, బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడే పాటల్లో శ్రామిక వర్గపు నల్లజాతి స్త్రీల చైతన్యం ఎలా పలికిందో చెప్పే పుస్తకం అది. ఆ రెండు పేజీలు రాసేనాటికి ఆ ముగ్గురిలో ఒక్కరి పాట కూడా నేను వినలేదు. వైవాలో ఎవరూ అడగలేదు. అడిగేవారు విన్నారని కూడా నేను అనుకోను. ఆ సిగ్గుతోనే తెలిసినవాళ్ళని పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళటం మొదలుపెట్టాను.

ఆ ఇంట్లో నాకు దొరికింది తక్కువేమీ కాదు. ముందు అది చెప్పాలి. 1959 నాటి 'కైండ్ ఆఫ్ బ్లూ'లో ట్రంపెట్‌ని కాసేపు వదిలేసి కింద పాల్ చాంబర్స్ బాస్ ఎటు నడుస్తోందో వెతుక్కుని వినటం అక్కడే నేర్చుకున్నాను. జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' నాలుగు భాగాలూ ఒకే కావ్యంలోని నాలుగు ఆశ్వాసాల్లా ఎలా అతుక్కున్నాయో అక్కడే తెలిసింది. కొత్తవాళ్ళకి ఆయన ఒక జాబితా ఇచ్చేవారు, స్వయంగా టైపు చేసింది. తప్పక వినవలసిన యాభై ఆల్బమ్‌లు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో స్త్రీల పేరు మీద ఉన్నవి రెండు. రెండూ గాయనులవే.

జాబితా ఇచ్చినాయన చెడ్డవారేం కాదు. జాబితాలు ఎలా తయారవుతాయన్నదే నా ప్రశ్న. దానికోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆల్బమ్ అన్న మాట మనకి పెళ్ళి ఫోటోల వల్ల తెలుసు. రికార్డులకి ఆ పేరు రావటానికి కారణమూ అలాంటిదే. పాత 78 ఆర్పీఎమ్ ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పాడేది. నాలుగైదు ప్లేట్లను ఫోటోల పుస్తకంలాంటి అట్టలో, కాగితపు సంచుల్లో అమర్చి అమ్మేవారు. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చాక ఆ పుస్తకమంతా ఒక్క ప్లేటులోకి వచ్చేసింది, పేరు మాత్రం ఉండిపోయింది. అంటే ఆల్బమ్ అనే రూపంలోనే ఎంపిక ఉంది. ఏది లోపల, ఏది బయట, ఏది ముందు, ఏది తర్వాత అని ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయిస్తారు.

జాజ్ విషయంలో ఆ కూర్చున్నది చాలావరకు శ్రోతలే. 1932లో పారిస్‌లో కొందరు కుర్రాళ్ళు 'హాట్ క్లబ్ ద ఫ్రాన్స్' పెట్టుకున్నారు. వాళ్ళలో షార్ల్ దెలోనే 1936లో 'హాట్ డిస్కోగ్రఫీ' అచ్చు వేశాడు. ఏ రికార్డులో ఎవరు వాయించారన్న లెక్క అది. అమెరికాలో 1935లో 'యునైటెడ్ హాట్ క్లబ్స్' సంఘం వచ్చింది. కంపెనీలు వదిలేసిన పాత ప్లేట్లను మళ్ళీ అచ్చు వేసి, వాయించినవాళ్ళ పేర్లు లేబుల్ మీద వేసింది. దాన్ని నడిపినవాళ్ళలో ఒకడు న్యూయార్క్‌లో రికార్డుల దుకాణం ఉన్న మిల్ట్ గాబ్లర్. నల్లవాళ్ళను చెట్లకు ఉరితీసిన ఘోరం మీద బిల్లీ హాలిడే పాడిన 'స్ట్రేంజ్ ఫ్రూట్'ని ఆమె సొంత కంపెనీ కొలంబియా రికార్డు చేయనంటే, 1939లో ఈ గాబ్లరే తన చిన్న లేబుల్ కమోడోర్ మీద తెచ్చాడు. శ్రోతల బృందాలు లేకపోతే ఈ సంగీతంలో ఎంతో భాగం చెత్తకుప్పలోకి పోయేది. దాన్ని ఎవరూ కాదనలేరు.

కానీ ఆ బృందాలు దాదాపుగా మగవాళ్ళవి. దుకాణాల వెనక గదుల్లో, హాస్టళ్ళలో, క్లబ్బుల్లో కూడినవి. వాళ్ళు వెతికింది వాళ్ళకి ముఖ్యం అనిపించినదాన్ని. అందువల్ల స్త్రీలు రెండు చోట్ల కుదురుకున్నారు. ఒకటి మైకు ముందు, గాయనిగా. రెండోది ఎవరో ఒకరి భార్యగా.

లిల్ హార్డిన్ సంగతి చూడండి. 1898లో మెంఫిస్‌లో పుట్టింది. షికాగోలో ఒక మ్యూజిక్ షాపులో కొనేవాళ్ళకి పాటల కాగితాలు పియానో మీద వాయించి వినిపించే పని చేసింది. కింగ్ ఆలివర్ బృందంలో పియానిస్టు అయింది. అదే బృందంలో రెండో కార్నెట్‌గా చేరిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని 1924లో పెళ్ళి చేసుకుంది. ఒకరి వెనక రెండోవాడిగా ఉండొద్దని, బయటికి రమ్మని పట్టుబట్టిందీ ఆమే. 1925లో మొదలైన 'హాట్ ఫైవ్' రికార్డులు జాజ్‌కి పునాది రాళ్ళంటారు. వాటిలో పియానో ఆమెది, పాటల రచనలో భాగం ఆమెది. చరిత్రల్లో మాత్రం చాలాకాలం 'లూయీ రెండో భార్య, పియానో కూడా వాయించేది' అన్న మర్యాదే దక్కింది. 1971 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్ చనిపోయాడు. ఆగస్టులో షికాగోలో ఆయన స్మారక కచేరీలో పియానో వాయిస్తూ వాయిస్తూనే ఆమె కుప్పకూలిపోయింది.

మేరీ లూ విలియమ్స్‌ది ఇంకో కథ. 1940లలో హార్లెమ్‌లోని హామిల్టన్ టెరస్‌లో ఆమె ఉన్న అపార్ట్‌మెంటే ఒక వినికిడి గది. క్లబ్బులు మూసేశాక థెలోనియస్ మంక్, బడ్ పవెల్, డిజ్జీ గిలెస్పీ, టాడ్ డామెరన్ ఆమె పియానో చుట్టూ చేరేవారు. కొత్తగా కట్టిన వరసలు ఒకరికొకరు వినిపించుకునేవారు. వయసులో, అనుభవంలో వాళ్ళకి అక్కలాంటిది. 1945లో న్యూయార్క్ రేడియోలో తన కార్యక్రమంలో వారానికో రాశి చొప్పున వాయిస్తూ 'జోడియాక్ సూట్' కట్టింది. పన్నెండు రాశులకి పన్నెండు రచనలు. మేషరాశిది బిల్లీ హాలిడే, బెన్ వెబ్‌స్టర్‌ల కోసం. బీబాప్ చరిత్రల్లో ఆ గదికి వచ్చినవాళ్ళ గురించి అధ్యాయాలున్నాయి. గది ఎవరిదో ఒక వాక్యంలో ఉంటుంది. షెర్రీ టక్కర్ 2000లో తెచ్చిన 'స్వింగ్ షిఫ్ట్' చదివితే, 1940లలో దేశమంతా తిరిగిన స్త్రీల బాండ్లు ఎన్నున్నాయో, అవి చరిత్ర పుస్తకాల్లోంచి ఎలా జారిపోయాయో తెలుస్తుంది.

ఇది మనకి కొత్త కథేం కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అంతకు ముందు అచ్చైన ప్రతిలో పద్యాలు ఎగిరిపోయి ఉంటే, పూర్తి పాఠాన్ని వెతికి 1910లో అచ్చు వేయించిన బెంగళూరు నాగరత్నమ్మ మనకి తెలుసు. ఆ పుస్తకం నిషేధానికి గురై 1947లో గానీ బయటపడలేదనీ తెలుసు. అక్కడ కూడా ఎవరో ముల్లు ఎత్తేశారు. ఒక సంగీతం తెలిసిన స్త్రీ మళ్ళీ మొదట్నించి పెట్టింది.

2022లో మేం ఆరుగురం ఆడవాళ్ళం వేరే బృందం పెట్టుకున్నాం. తార్నాకలో మా ఫ్లాట్‌లో, ప్రతి నెలా రెండో ఆదివారం. ఒకావిడ సంగీతం టీచరుగా రిటైరయ్యారు. ఒకామె ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు, కరీంనగర్ వైపు మనిషి. ఇద్దరు అనువాదకులు, ఒక ఎం.ఏ. విద్యార్థిని, నేను. మా దగ్గర రికార్డు ప్లేయర్ లేదు, ఫోనుకి తగిలించే స్పీకరుంది. ఇప్పుడు ముల్లు ఎత్తే శ్రమ కూడా లేదు కదా, నచ్చకపోతే వేలితో ముందుకి తోసెయ్యొచ్చు. అందుకే నియమాలు పెట్టుకున్నాం. ఆల్బమ్ మొదట్నించి చివరిదాకా వినాలి. మధ్యలో ఆపకూడదు, మాట్లాడకూడదు. తెచ్చినవాళ్ళు అది తమకి ఎవరి చేతి మీదుగా వచ్చిందో చెప్పాలి.

మొదటి నెల నేను బిల్లీ హాలిడే 'లేడీ ఇన్ సాటిన్' పెట్టాను. 1958 ఫిబ్రవరిలో రికార్డు చేసింది. అప్పటికామెకి నలభై రెండేళ్ళు. మరుసటి ఏడాది జులైలో చనిపోయింది. గొంతు బొంగురుపోయి, అంచులు చిరిగిపోయి ఉంటుంది. వెనక రే ఎల్లిస్ నడిపిన తీగవాద్యాలు పట్టుబట్టలా మెత్తగా పరుచుకుని ఉంటాయి. వినిపించే ముందు నేనొక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. బాల్యంలో హింస, మత్తుమందులు, జైలు, జాతి వివక్ష, మగవాళ్ళు. ఈ గొంతులో వినబడేది ఒక స్త్రీ శిథిలమవుతున్న చప్పుడు అన్నాను. వాక్యం బావుందని నాకే అనిపించింది.

నలభై అయిదు నిమిషాలు విన్నాక సంగీతం టీచరుగారు కళ్ళు తెరిచి, "ఆమె ఏడవటం లేదమ్మా. లెక్క చూసుకుంటోంది" అన్నారు.

అర్థం కాలేదు. మళ్ళీ పెట్టమన్నారు. ఈసారి చేత్తో తాళం వేస్తూ చూపించారు. దెబ్బ పడిన చోట మాట రాదు. ఒక వెంట్రుకవాసి ఆగి వస్తుంది. మనదాంట్లో తాళం మొదలయ్యాక పాట అందుకోవటాన్ని అనాగతం అంటాం, ఇది అచ్చంగా అది కాదు, అది ముందే కట్టుకున్న లెక్క, ఈమె ఎప్పటికప్పుడు కట్టుకుంటోంది అన్నారు. ఇంత వెనకపడీ ఎక్కడా తప్పిపోలేదంటే లోపల ఎంత గట్టి లయ ఉండాలో చూడమన్నారు. "గొంతు పోయింది, నిజమే. విద్య పోలేదు. నువ్వు పోయినదాని గురించే చెప్పావు" అన్నారు.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. రికార్డింగు రోజుల్లో ఆమె పాట తనకి నచ్చలేదనీ, కొన్ని వారాల తర్వాత పూర్తి మిక్స్ విన్నాకే ఎంత గొప్పగా పాడిందో తెలిసిందనీ రే ఎల్లిస్ తర్వాత ఒప్పుకున్నాడు. అతను గొంతులో లోపం విన్నాడు. నేను జీవితంలో దుఃఖం విన్నాను. ఇద్దరం కళాకారిణిని వినలేదు. స్త్రీవాద విమర్శకులం మనం ఈ తప్పు ఎక్కువ చేస్తాం. బాధితురాలిగా చూపిస్తే గౌరవించినట్టే అనుకుంటాం. పనిమంతురాలిగా చూడటం మర్చిపోతాం. 'ఫైన్ అండ్ మెలో' రాసుకుందీ, 'గాడ్ బ్లెస్ ద చైల్డ్' రచనలో పాలుపంచుకుందీ ఈమే అని నా ఉపన్యాసంలో లేదు.

నాలుగో నెల నా వంతు మళ్ళీ వచ్చింది. 'వియ్ ఇన్సిస్ట్!' పెట్టాను. ఈసారి ఉపన్యాసం లేదు.

మొదటి పాట 'డ్రైవా మాన్'. సాహిత్యం ఆస్కార్ బ్రౌన్ జూనియర్‌ది. బానిసల మీద అజమాయిషీ చేసే ఓవర్సీర్ గురించి, వాడు ఆడవాళ్ళ శరీరాల మీద చేసే దౌర్జన్యం గురించి. లింకన్ గొంతు ఒంటరిగా మొదలవుతుంది. ఈ పాటలో కోల్మన్ హాకిన్స్ టెనర్ శాక్సఫోన్ వాయిస్తుండగా ఒక చోట కీచుమంటుంది. దాన్ని కత్తిరించి సరిచేస్తామంటే హాకిన్స్ వద్దన్నాడట. ఇలాంటి రచనలో అంతా నున్నగా ఉంటే అదే తప్పు అన్న అర్థంలో ఏదో అన్నాడని నిర్మాత నాట్ హెంటాఫ్ రాశాడు. రసికులు మెచ్చుకుంటూ చెప్పుకునే కథ ఇది. ఆ పెద్దమనిషి ఇంట్లో కూడా ఆ రోజు ఎవరో చెప్పారు. పది నిమిషాల తర్వాత ముల్లు ఎత్తేశారు. మగవాడి వాద్యం కీచుమంటే నిజాయితీ, స్త్రీ గొంతు కేకైతే ప్రకటన. ఒకే రికార్డులో, ఒకే వైపున.

'ట్రిప్టిక్' మూడు భాగాలు. ప్రార్థన, ప్రతిఘటన, శాంతి. మధ్య భాగం నిమిషం పైచిలుకు. గదిలో ఎవరూ కదల్లేదు. అది అయ్యాక 'శాంతి' వస్తుంది. దాన్ని నేను అప్పటిదాకా ఇంకొకరి సమక్షంలో వినలేదు. అందులో ప్రశాంతత ఏమీ ఉండదు. ఊపిరి ఉంటుంది. అలిసిపోయి, ఒళ్ళంతా వదులై, ఇంకా నిలబడే ఉన్న మనిషి ఊపిరి. నిన్ను నువ్వు నిలబెట్టుకోవటానికి చేయగలిగిందంతా చేశాక వచ్చే అలసట అని రోచ్ ఆమెకి వివరించాడట. కేక దగ్గర లేచిపోయినవాళ్ళకి ఈ ఊపిరి దొరకదు. కేకకి ముందు ఒక ప్రార్థన ఉండిందన్న సంగతీ గుర్తుండదు.

రెండో వైపు 'ఆల్ ఆఫ్రికా', ఆ ఏడాదే మార్చిలో దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు జరిపిన కాల్పుల తర్వాత చేసిన 'టియర్స్ ఫర్ జొహానెస్‌బర్గ్' అన్నీ అయ్యాయి. ఎప్పుడూ తక్కువ మాట్లాడే నర్సక్క అంది: "నొప్పి అరుపు గిట్లుండదు మేడం. నేను రోజూ వింటగద. ఇది కోపం అరుపు."

కాసేపాగి, "పదిహేనేండ్ల సంది లేబర్ వార్డుల జేస్తున్న. అరిస్తే ఊకోమంటం. గట్టిగనే అంటం. ఎందుకు అరుస్తవ్, నువ్వొక్కదానివే కంటున్నవా అంటం. అన్నది మేమే, ఆడోళ్ళమే. ఒక బెడ్డు మీద అరిస్తే పక్క బెడ్డుకు భయమైతదని చెప్తరు. గని నిజానికి మాకు వినబుద్ధి గాదు. గంతే" అంది.

ఎవరం ఏమీ అనలేదు. ఓదార్చలేదు కూడా. ఆమె ఓదార్పు అడగలేదు. తర్వాతి నెలల్లో డ్యూటీలో ఆ మాట నోటిదాకా వచ్చి ఆగుతోందని ఒకసారి చెప్పింది. ఆగని రోజులూ ఉన్నాయంది.

నేను ఆలస్యం చేసిన మాట ఇప్పుడు చెప్పాలి. 1961లో ఆబీ లింకన్ సొంత ఆల్బమ్ 'స్ట్రెయిట్ అహెడ్' వచ్చింది. 'డౌన్‌బీట్' పత్రికలో ఐరా గిట్లర్ అనే విమర్శకుడు దాన్ని చీల్చేశాడు. నల్లజాతి మనిషినన్న దాన్నే వృత్తిగా చేసుకుందన్నది అతని అభియోగం. 1962 మార్చిలో ఆ పత్రికే జాజ్‌లో జాతి వివక్ష మీద చర్చ పెట్టి రెండు సంచికల్లో అచ్చు వేసింది. లింకన్, రోచ్, గిట్లర్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడారు. తన జీవితం గురించి తాను పాడితే అది ప్రచారం ఎలా అవుతుందని ఆమె నిలదీసింది. సినిమాలో మార్లిన్ మన్రో తొడిగిన ఎర్ర గౌను తొడిగించి నిలబెట్టినప్పుడు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. దాన్ని కాల్చేసి సొంత మాట పాడేసరికి కళ తగ్గిపోయింది. ఆ తర్వాత 1973లో జపాన్‌లో 'పీపుల్ ఇన్ మి' రికార్డు చేసేదాకా ఆమె పేరు మీద ఇంకో ఆల్బమ్ లేదు. ఈ మధ్యలోనే, 1966లో, నల్లజాతి స్త్రీని గౌరవించేదెవరని అడుగుతూ ఆమె రాసిన వ్యాసాన్ని టోని కేడ్ 1970లో 'ద బ్లాక్ వుమన్' సంకలనంలో చేర్చింది.

మన కవయిత్రులు శరీరం గురించి రాసినప్పుడు 'నీలి కవితలు' అన్నవాళ్ళని మనం మర్చిపోలేదు. అక్కడా అదే పద్ధతి. విషయానికి జవాబు చెప్పలేనప్పుడు కళ పేరు చెప్పి ముల్లు ఎత్తెయ్యటం. గిట్లర్ గురించి చదువుతున్నప్పుడు నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానితో పాటు ఇంకొకటి గుర్తొచ్చింది.

2018లో ఒక పత్రిక ఒక యువ దళిత కవయిత్రి మొదటి పుస్తకాన్ని సమీక్షకి పంపింది. నేను రాశాను. మొదటి పేరాలో మెచ్చుకున్నాను. తర్వాత, కొన్ని కవితలు నినాదప్రాయంగా ఉన్నాయనీ, ఆవేశం ఎక్కువై కవిత్వం వాచ్యమైపోయిందనీ, గొంతు కాస్త తగ్గిస్తే ఇంకా బావుండేదనీ రాశాను. నా కులంలో పుట్టినవాళ్ళెవరూ ఎన్నడూ గొంతు పెంచాల్సిన అవసరం పడని విషయాల గురించి ఆమె రాసింది. అది నాకు తట్టలేదు. మనం సాహిత్య విద్యార్థులం ఈ మాటలు ఎంత సులువుగా రాస్తామో మీకు తెలుసు. తరగతి గదిలో నేర్పిస్తారు, పెన్ను దానంతటదే రాసేస్తుంది. మరుసటి ఏడాది ఆ పెద్దమనిషి నా ఎదుట ముల్లు ఎత్తినప్పుడు నేను మాట్లాడలేకపోవటానికి భయం, మర్యాద మాత్రమే కారణాలు కావు. ఆయన వాడింది నా వాక్యమే. దాన్ని నేను ముందే అచ్చు వేయించి ఉన్నాను.

ఆ పుస్తకాన్ని మళ్ళీ తీశాను. మా నియమం ప్రకారం మొదట్నించి చివరిదాకా, పైకి చదువుతూ. నేను తప్పుపట్టిన కవితలు మూడూ పుస్తకం మధ్యలో వరసగా ఉన్నాయి. వాటికి ముందు అమ్మమ్మ మీద, ఊరి చెరువు మీద చాలా నెమ్మదైన కవితలున్నాయి. తర్వాత పొడి పొడి మాటలతో, ఖాళీలతో నిండిన కవితలున్నాయి. ఆ ఖాళీలని నేను అప్పట్లో 'నిర్మాణ శైథిల్యం' అన్నాను. అవి ఊపిరి తీసుకునే చోట్లు. ఆమె పుస్తకాన్ని కూర్చింది. నేను కవితలుగా విడగొట్టి మార్కులేశాను.

దీన్నుంచి కేకంటే చాలు, అది కళే అని తేల్చెయ్యటం నా ఉద్దేశం కాదు. 'ట్రిప్టిక్'లో కేకలు వేయాలన్నది రోచ్ ఆలోచన అని లింకన్ తర్వాత చెప్పింది. అంటే ఆ కేకలో ఆమె సొంతం ఎంత, భర్త కాబోతున్న నాయకుడి ఆదేశం ఎంత అన్న ప్రశ్న ఉండనే ఉంది. కవరు మీద సూట్ రోచ్‌దే, ఆమె సహకారి. హార్లెమ్ స్త్రీ కోపాన్ని తార్నాకలో విని మనం శుద్ధి అయిపోయామనుకోవటమూ తేలికే. నర్సక్క ఆ తేలికదనాన్ని మాకు దక్కనివ్వలేదు. ఇవన్నీ మాట్లాడుకోవలసినవే. కాకపోతే విన్న తర్వాత. క్లాసిక్ అంటే ఏమిటని మా విద్యార్థిని అడిగితే నేనిప్పుడు యాభై పేర్ల కాగితం ఇవ్వను. కొంతమంది కలిసి చివరిదాకా విని, ఇంకొకరి చేతిలో పెట్టింది అంటాను. ఆ కొంతమంది ఎవరన్నదాన్ని బట్టి క్లాసిక్ మారుతుంది.

సమీక్ష వేసిన పత్రికకి ఉత్తరం రాశాను, నా అభిప్రాయం ఎక్కడ తప్పో వివరంగా. ఆ కవయిత్రికీ రాశాను. జవాబు రాలేదు. రావాలన్న రూలేం లేదు.

వచ్చే రెండో ఆదివారం ఎం.ఏ. అమ్మాయి వంతు. ఆలిస్ కోల్ట్రేన్ 'జర్నీ ఇన్ సచ్చిదానంద' తెస్తానంది. 1971లో వచ్చింది. హాస్టల్లో రూమ్మేట్ వినిపించిందట. ఈమెని కూడా చాలాకాలం జాన్ కోల్ట్రేన్ భార్యగానే చూశారు. 1967లో ఆయన పోయాక నలుగురు పిల్లల్ని పెంచుతూ హార్ప్, పియానో వాయిస్తూ సొంత ఆల్బమ్‌లు చేసింది. ఆయన రికార్డింగులకి తీగవాద్యాలు చేర్చి 1972లో 'ఇన్ఫినిటీ' తెచ్చినప్పుడు తిట్లు తింది. 'జర్నీ' మొదట్లో బాస్ కింద తంబురా మోగుతుంది. అట్ట మీద తంబురా వాయించినవారి పేరు తుల్సి అని ఒక్క ముక్కే. ఆ అమెరికన్ తంబురా శ్రుతి విని సంగీతం టీచరుగారు ఏమంటారో చూడాలి. ఏమన్నా ఆల్బమ్ అయ్యాకే అంటారు.